ఏనుగు తిన్న పప్పన్నం

రికార్డు ప్లేయర్ మార్చాలా వద్దా అని నేను పడిన తర్జనభర్జన మా ఇంట్లో పెళ్లిసంబంధాలకు కూడా ఎవరూ పడలేదు. గిద్దలూరులో పాత రికార్డులు పోగుచేసే ఒకాయన తన ప్లేయర్ అమ్ముతున్నాడని తెలిసింది. దానికి ఒక చిన్న పంపు ఉందట. రికార్డు కింద ఉన్న గాలిని లాగేసి, ఎంత వంకర రికార్డునైనా పళ్లేనికి అతికించినట్లు పట్టుకుంటుందట. అది విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. మా ఇంట్లోనూ ఒక వంకర రికార్డు ఉంది మరి. దాన్ని వంకర చేసింది మా అమ్మే.

మార్కాపురంలో పలకల పని చేసే ఇల్లు మాది. పలకలు కడిగి ఆరబెట్టడం అమ్మ వంతు. నాయన ముచ్చటపడి పెళ్లిపాటల రికార్డు తెచ్చిన రోజే అమ్మ దాన్ని చూసి, దుమ్ముగా ఉందని శుభ్రంగా కడిగి, పలకల వరసలోనే ఎండలో నిలబెట్టింది. నల్లగా ఉన్నదేదైనా ఆమెకు పలకే. సాయంత్రానికి అది అప్పడమైంది.

అయినా పాడింది, కాకపోతే ఉబ్బు దగ్గర ముల్లు గంతేసేది. ‘ఏనుగొచ్చె వాకిట్లోకి’ అని పాడి, ఒక్క దూకుతో ‘పప్పన్నం కడుపారా తినె’ దగ్గర వాలేది. అమ్మ అట్లాగే నేర్చుకుని చుట్టాలందరికీ నేర్పింది. నా పెళ్లిలో మగపెళ్లివాళ్లు ఆ పాట విని పడీపడీ నవ్వారు. పీటల మీద కూర్చుని నేను ఉడికిపోయాను. ఆ రెండు మాటల మధ్య ఏముందో విని తీరాలని అప్పుడే పంతం పట్టాను.

రికార్డు చంకన పెట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని గిద్దలూరు బస్సెక్కాను. ఆయన పంపు వేశాడు. మా అప్పడం బుద్ధిగా పళ్లేనికి కరుచుకుంది. ఏనుగు వచ్చింది. ఈసారి దాని మీది నుంచి పెళ్లికొడుకు దిగాడు, కాళ్లు కడుక్కున్నాడు, విస్తరి ముందు కూర్చున్నాడు, పప్పన్నం తిన్నాడు. నేను చప్పట్లు కొట్టేశాను.

అమ్మ మాత్రం మొహం ముడుచుకుంది.

“ఇదేం పాట నాయనా? ఏనుగు ఏమైపోయినాది?”

“బయట కట్టేసి ఉంటారు పెద్దమ్మా,” అన్నాడాయన.

“అంత దూరం మోసుకొచ్చినదాన్ని పస్తు పెట్టినారా? వీళ్లేం మగపెళ్లివాళ్లు! ఆ పంపు ఆపు నాయనా.”

ఆయన నా వైపు చూశాడు. నేను పడీపడీ నవ్వుతున్నాను, అచ్చం ఆనాటి మగపెళ్లివాళ్లలాగే. ఆయన పంపు ఆపాడు. రికార్డు మళ్లీ ఉబ్బింది. ముల్లు పెడితే మా పాట మొదలైంది. అమ్మ గొంతు కలిపింది, నేనూ కలిపాను. ముల్లు గంతేసిన చోట ఇద్దరం తడబడకుండా గంతేశాం. ప్లేయర్ కొనలేదు.

తిరుగు బస్సు బేస్తవారిపేట దాటాక అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

“మీ పెద్దదాని పెళ్లిలో కూడా మన పాటే పాడాల. ఏనుగుకు అన్నం పెట్టే ఇల్లు మనదొక్కటే పాపా.”