వెనక మనిషి లేనిదే కదలని బండి

తెల్లవారుజాము ఐదు గంటలు. సముద్రం మీంచి ఉప్పుగాలి ఎముకల్లో దూరుతుండేది. నా కడుపులో నిన్న మధ్యాహ్నపు రొట్టె జ్ఞాపకం తప్ప ఏమీ ఉండేది కాదు. సరిగ్గా అప్పుడు సగం స్ఫాక్స్ ఊరు దగ్గేలా పొగ వదులుతూ మోంజి వచ్చేవాడు. అతనిది ఒకటే పిచ్చి. తన మోటారు సైకిలు ఒక్క మనిషితో నడవదట. వెనక ఇంకొకడు కూర్చోవాల్సిందేనట.

"ఎక్కు లరూసీ, అల్లా నీకు మేలు చేస్తాడు. బరువు లేక వెనక చక్రం మేకపిల్లలా గంతులేస్తోంది."

"ఉప్పు బస్తా కట్టుకో."

"తుప్పు పడుతుంది."

"పోనీ, ఇసుక బస్తా?"

"ఇసుక మాట్లాడదయ్యా! వెనక ఎవడో ఒకడు వాగకపోతే నాకు నిద్రొచ్చేస్తుంది."

నా సంగతీ చెప్పాలి. ముప్ఫయ్యేళ్ళు ఉప్పు మోసి కుడి మోకాలు చచ్చింది. ఉప్పు మడులు ఏడు కిలోమీటర్లు. ఆరింటికి మేస్త్రీ పేర్లు పిలుస్తాడు. వరసగా మూడు రోజులు పలక్కపోతే పేరు కొట్టేస్తాడు. అయినా మా ఉప్పువాళ్ళలో ఎవడూ ఊరికే ఇంకొకడి బండెక్కడు. ఎక్కితే వాడి కాళ్ళు అయిపోయాయని అప్పుడే తీర్మానించేస్తారు. బతిమాలితే మాత్రం ఎక్కొచ్చు. అది మనం చేసే సాయం కదా!

మోంజి రోజూ బతిమాలేవాడు. నేను రోజూ బెట్టు చేసేవాణ్ణి. దారిలో హమ్మాది కాఫీకొట్టు దగ్గర ఆపించి, అతని చేత శనగల పులుసు పెట్టించుకునేవాణ్ణి.

"గుడ్డు కూడా వెయ్యమను మోంజీ. నేను చిక్కిపోతే నష్టం నీ బండికే."

పాపం, వేయించేవాడు.

ఆ బండికి బ్రేకు అంటే మోంజి ఎడమకాలి చెప్పు. నెలకొకటి అరిగిపోయేది. కుడిచెప్పులు మాత్రం పెళ్ళికొడుకుల్లా అతనింటి గోడకి వేలాడేవి. ఒకసారి పోలీసు ఆపాడు.

"ఈ డొక్కు మీద ఇద్దరేంటి?"

"ఇద్దరు కాదండీ," అన్నాడు మోంజి. "వెనకున్నది విడిభాగం."

నేను కదలకుండా, రెప్ప వేయకుండా కూర్చున్నాను. పోలీసు నవ్వాపుకోలేక పొమ్మన్నాడు.

ఇలా ఐదేళ్ళు. తనకి మడుల అవతల ఏదో పనుందనేవాడు మోంజి. నేనెప్పుడూ అడగలేదు.

ఒకరోజు మోంజి రాలేదు. కుంటుకుంటూ కాఫీకొట్టుకి వెళ్ళాను.

"నువ్వు రాకముందే వెళ్ళిపోయాడు," అన్నాడు హమ్మాది. "గాబెస్‌లో తమ్ముడి దగ్గరికట, ఇక అక్కడేనట. ఎవరికీ చెప్పలేదు. బండికి మూట కట్టుకుని పోతుంటే నేనే ఆపి అడిగా."

"వెనక ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరే."

"నూట నలభై కిలోమీటర్లు! మరి చక్రం?"

హమ్మాది చేతిలోని కాఫీ గిన్నె కింద పెట్టేశాడు.

"ఒరేయ్ పిచ్చి లరూసీ, వాడు వలలు అల్లే కొట్టు ఈ పక్క సందులోదే. రోజూ నిన్ను దింపి, ఒక్కడే ఈల వేసుకుంటూ వెనక్కి వచ్చేవాడు. ఊరందరికీ తెలుసు."

నా చెవులు మండిపోయాయి. గోడ గడియారం ఐదున్నర చూపిస్తోంది. నడిస్తే పిలుపు అందదు. హమ్మాది కొట్టు కుర్రాడి మీద వదిలి, వెనక నుంచి తన బండి తోసుకొచ్చాడు.

"ఎక్కు."

"ఊరికే నేనెక్కను."

హమ్మాది తల గోక్కున్నాడు.

"ఊరికే ఎవడెక్కమన్నాడు? దీనికి హారన్ లేదు. వెనక కూర్చుని నువ్వే అరవాలి."

ఉప్పు మడుల దాకా గొంతు చిరిగేలా అరిచాను.