ఖాజాగూడలో ఎడమ చెయ్యి

తెనాలిలో నా దగ్గరికి వచ్చిన ఒక రైతు భార్య గొంతు వాచి, ఊపిరి ఆడక నా కళ్ళ ముందే పోయింది. గాలి పోయే దారి తెరిచే విద్య నాకు రాదు. హైదరాబాదులో, ఇంగ్లండులో చదివొచ్చిన ఒక పెద్ద డాక్టరుగారు ఆ విద్య పది రోజుల్లో నేర్పుతున్నారని తెలిసి బయల్దేరాను. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది.

బెజవాడలో ఉదయం ఏడింటికి ఎక్కిన బండి, రెండు గంటలు ఆలస్యంగా రాత్రి ఎనిమిదింటికి సికింద్రాబాదులో దించింది. అక్కడే మొదలైంది నా అయోమయం. నా జేబులో ఇంగ్లీషు రూపాయలు, వాళ్ళ చేతుల్లో నిజాం హాలీ రూపాయలు. టాంగావాడు చిల్లర ఇచ్చాక నేను లాభపడ్డానో మోసపోయానో తేల్చుకునేలోపు గుర్రం మలుపు తిరిగిపోయింది. ఆబిడ్స్ దగ్గర ఒక బసలో గది దొరికింది. వెళ్ళదలచినవారు పరుపు వెంట తెచ్చుకోవాలి. అక్కడ ఇచ్చేది నల్లులకే చాలదు.

మర్నాడు తొమ్మిదింటికి దవాఖానలో పాఠం. ఆ పనిముట్టును లారింగోస్కోపు అంటారు. పిడిలో బ్యాటరీలు, దానికి కొడవలిలా వంగిన రేకు, రేకు కొసన చిన్న బల్బు. రోగి తల వెనక నిలబడి, రేకుతో నాలుకను పక్కకు నెట్టి పైకెత్తితే గాలిగొట్టం కనిపిస్తుంది. అందులోకి రబ్బరు గొట్టం దించాలి. అభ్యాసానికి కసాయి దగ్గర్నుంచి గొర్రె తలకాయలు తెప్పించారు. శాకాహారిని కదా, బసకు పోగానే రెండేసి సార్లు స్నానం చేసేవాణ్ణి.

చిక్కు తలకాయలతో కాదు, చేతులతో వచ్చింది. పనిముట్టు ఎడమ చేత్తో పట్టుకునేలా చేసింది. మేం ఆరుగురం డాక్టర్లం, ఆరుగురమూ కుడి చేత్తోనే పట్టుకున్నాం. ఎదుటివాడి నోటి దగ్గరికి ఎడమ చెయ్యి పోవడమా! చిన్నప్పుడు ఎడమ చేత్తో పలక పట్టుకున్నందుకు మా నాన్న నా వేళ్ళు వాచేలా కొట్టారు. కుడి చేత్తో పడితే నాలుక దారికి అడ్డం పడుతుంది, గొట్టం దించడానికి ఎడమ చెయ్యే మిగులుతుంది. ఏమీ కనిపించదు.

"ఏందయ్యా తెనాలి డాక్టరూ, దేవుడు ఎడమ చెయ్యి ఊకెనే ఇచ్చిండా?" అని పెద్ద డాక్టరుగారు రోజూ తిట్టేవారు. నేను చెయ్యి మార్చేవాణ్ణి, రెండు నిమిషాల్లో అది మళ్ళీ కుడికి వచ్చేసేది. ఎలా వచ్చిందో నాకే తెలిసేది కాదు.

ఆదివారం సెలవు. వార్డులో కట్లు కట్టే మల్లయ్య తన ఊరు చూడమన్నాడు. "జర మా ఖాజాగూడ గుట్టలు సూడుర్రి సాబ్, గసుంటి బండలు మీ దిక్కు ఉండయి." ఉదయం ఆరింటి బస్సులో గోల్కొండ, అక్కడి నుంచి వాళ్ళ ఎడ్లబండి. కొత్తగా కొన్న లారింగోస్కోపు, గొట్టాలు ఉన్న పెట్టె బసలో వదలడానికి మనసొప్పక ఒళ్ళో పెట్టుకున్నాను. రాయదుర్గం దాటాక దారి అంతా రాళ్ళే, ఒకదాని మీద ఒకటి, ఎందుకు దొర్లిపోవో అర్థం కాకుండా. తొమ్మిదింటికి ఖాజాగూడ చెరువు కనిపించింది.

మల్లయ్య తల్లి లచ్చమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. అతిథికి తేనె లేకపోతే ఎట్లా అని మల్లయ్య తమ్ముడు నర్సింహ బండ ఎక్కాడు. అక్కరలేదని నేను గట్టిగా అననూ లేదు. తేనెపట్టుతో దిగివచ్చి, మంచిదో కాదో చూద్దామని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. అందులో తేనెటీగ ఉంది. అది గొంతులో కుట్టింది.

చూస్తుండగానే నాలుక వాచి నోరంతా నిండింది. గొంతులో కీచుమన్న చప్పుడు, తర్వాత ఆ చప్పుడూ లేదు. పెదవులు నల్లబడి అరుగు మీద పడిపోయాడు. తెనాలిలో పోయిన ఆవిడే మళ్ళీ నా ముందు పడుకున్నట్టుంది.

పెట్టె తెరిచి రేకు నోట్లో పెట్టాను. కుడి చేత్తో! అంతా నాలుకే, చీకటే. చెయ్యి మార్చాను. లచ్చమ్మ నా మణికట్టు పట్టేసుకుంది.

"ఎడమ చేత్తోనా! సచ్చినోని నోట్లె గూడ గట్ల పెట్టరు, బిడ్డా!"

నమ్ముతారో లేదో, నేను మళ్ళీ కుడి చేతికి మార్చుకున్నాను. డాక్టర్ని, అంతా తెలిసినవాణ్ణి! ఎన్ని క్షణాలు పోయాయో.

"అమ్మా, ఇడువు! తమ్ముడు పోతుండు!" అని మల్లయ్య ఆమెను లాగేశాడు. ఎడమ చేత్తో ఎత్తాను. ఎర్రటి వాపు మధ్య గోరంత సందు. పెద్ద గొట్టం పట్టలేదు. అన్నిటికంటే సన్నదానికి నువ్వుల నూనె రాసి దించి, నా నోటితో ఊదాను. ఛాతీ లేచింది. పదిసార్లు ఊదాక తనంతట తానే పీల్చాడు. నేను భోరున ఏడ్చాను.

గొట్టాన్ని గుడ్డపేలికతో ముఖానికి కట్టాం. మెలకువ వచ్చి పీక్కోబోతుంటే మల్లయ్య వాడి చేతులు పట్టుకున్నాడు. బండిలో గోల్కొండ, అక్కడ ఒక లారీవాడు దయతలిచి ఎక్కించుకుంటే, రెండింటికి దవాఖాన చేరాం. పెద్ద డాక్టరుగారు గొట్టం చూసి, "మంచిగ దించినవ్" అన్నారు. నేను దించానా, అదే దిగిందా, నాకింకా తెలియదు.

మూడో రోజున గొట్టం తీశారు. గురువారం మధ్యాహ్నం నాలుగింటికి నా బండి. సెలవు తీసుకుందామని పన్నెండింటికి వార్డుకు వెళ్ళాను. నర్సింహ కూర్చున్నాడు. లచ్చమ్మ పల్చటి జొన్న అంబలి గిన్నె, చెంచా నా ముందు పెట్టింది.

"వాని మొదటి బుక్క నువ్వే పెట్టు, బిడ్డా. ఏ చేత్తోని పానం నిలవెట్టినవో గా చేత్తోనే పెట్టు."

చుట్టూ మంచాల వాళ్ళు చూస్తున్నారు. నా ఎడమ చెయ్యి లేవలేదు. నిజంగానే లేవలేదు. కుడి చేత్తో చెంచా తీసి తాగించాను. వాడు కష్టంగా మింగి నవ్వాడు. లచ్చమ్మ కొంగుతో వాడి మూతి తుడిచింది.

రైల్లో ఎదుట వరంగల్లు బట్టల వ్యాపారి కూర్చున్నాడు. "ఏంది సారు, పరేషాన్‌గ ఉన్నరు? పట్నంల ఏమన్న పోగొట్టుకున్నరా?" అన్నాడు. లేదన్నాను. ఖాజీపేటలో టీ ఇప్పించాడు.

నేర్చుకోవాలనుకునేవారు తప్పక వెళ్ళండి. నేర్పేవారు మంచివారు, బస చెడ్డది, పనిముట్టు గొప్పది. అంతవరకు రూఢిగా చెప్పగలను. కొడుకు ఊపిరి పోతున్నా నా ఎడమ చెయ్యి వద్దన్న ఆ ముసలమ్మ నాలుగు రోజుల్లో మారింది. అన్నీ చదివిన నేను, ఆమె నోరు తెరిచి అడిగిన ఒక్క బుక్క ఆ చేత్తో ఎందుకు పెట్టలేకపోయాను?