ఉష్షు మావయ్య అడుగు వేట

టీవీలో ఈదే చేపకు చెవులుంటాయని నమ్మి, దాని కోసం మూడంతస్తుల భవనాన్ని మూడు నెలలపాటు మునివేళ్ల మీద నడిపించిన మనిషి ఈ లోకం మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆయన ‘ఉష్ష్’ అంటే మెట్ల మీద పిల్లి కూడా ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నిలబడిపోయేది. అలా ఆయన ఉష్షు మావయ్య అయ్యారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

చేపకు చెవులుండటం అంత వింతేమీ కాదు. ఆ నోట ‘ఉష్ష్’ రావడమే అసలు వింత. మావయ్య ముప్ఫై నాలుగేళ్లు నది ఒడ్డు పంపుహౌసులో, నాలుగు మోటార్ల హోరులో ఉద్యోగం చేసినవారు. ఉప్పు అందించమని అడిగితే పక్క వీధివాళ్లు ఉప్పు డబ్బా కోసం వెతుక్కునేవారు. డ్యూటీ దిగాక అదే ఒడ్డున గాలం వేసేవారు. చేప పడిందంటే ఇక కేకే. ఆ కేకకు ఒకసారి అవతలి ఒడ్డుకు పోతున్న పడవ, తననే పిలిచారనుకుని మధ్యలోంచి తిరిగొచ్చిందట. ఇల్లాలు, అంటే భవనంలో అందరికీ అత్తయ్య, ఆ కేకను బట్టే సాయంత్రం ఎంత చేప వస్తుందో అంచనా వేసి, సరిపడా మూకుడు అటక మీంచి దింపేది.

మోకాళ్లు అరిగి నది మెట్లు దిగడం మానేశాక కొడుకు ఒక చేపల వేట గేము తెచ్చి టీవీకి తగిలించాడు. తెర నిండా నది. బటను నొక్కితే గాలం పడుతుంది, ఇంకోటి నొక్కితే చేప వస్తుంది. అరగంటలో పదకొండు చేపలు పట్టి చూపించాడు.

“ఇది వేట కాదురా, చెట్టు కింద కాయలు ఏరుకోవడం,” అన్నారు మావయ్య.

ఆ తర్వాత చాలా నెలలు ఆ డబ్బా మీద దుమ్మే తప్ప చెయ్యి పడలేదు. ఒకరోజు ఉన్నట్టుండి దాన్ని దులిపి, నిజం నదికి చేసిన మర్యాదలన్నీ తెర నదికి చెయ్యడం మొదలుపెట్టారు. ముందు ఉత్త సీసం గుండు విసిరి, అది నది అడుగు తాకేదాకా అంకెలు లెక్కపెట్టారు. ఆరు దగ్గర దారం వదులైతే గట్టు, పదకొండు దాకా పోతే గుంట. గుండును మెల్లగా ఈడుస్తూ, చేతిలోని ఆట పరికరం వణికే తీరును బట్టి ఇది బురద, ఇది గులకరాయి అని కాగితం మీద పటం గీశారు. మూడు రోజులు పటంతోనే సరిపోయింది. నాలుగో రోజు గుంట అంచున, ముప్ఫై రెండో మీటరు దగ్గర చోటు ఖాయం చేసి, దారం అంతకు మించి పోకుండా బిగించి, ఫీడరు కట్టారు. ఫీడరంటే వేలెడంత తీగ బుట్ట. అందులో మేత కూరి విసిరితే అడుగున కూర్చుని కొంచెం కొంచెంగా వదులుతుంది. నాలుగు నిమిషాలకోసారి లాగి, నింపి, మళ్లీ సరిగ్గా అక్కడికే విసరాలి.

ఇందుకోసం వంటింట్లో నిజం రొట్టె నలిపి, తవుడు కలిపి, ముద్ద చేసి గ్లాసుడు నీళ్లలో వేసి గడియారం చూస్తూ కూర్చునేవారు.

“టీవీలో చేపకి ఇంట్లో రొట్టె దేనికండీ?” అంది అత్తయ్య.

“ముద్ద ఎంతసేపట్లో విడుతుందో తెలియద్దూ?”

“గేములోనే రాసుంటుందిగా.”

“రాసినవాడు ఎప్పుడైనా చేపకి తిండి పెట్టాడా?”

ఇక ఉష్ష్ సంగతి. వేట మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా. ఒడ్డున అడుగు చప్పుడైతే పైన తిరిగే చేపల కంటే ముందు అడుగున మేసేవాటికే తెలుస్తుందని మావయ్య సిద్ధాంతం. కాలింగ్ బెల్ బ్యాటరీ ఊడింది. కుక్కరు అయిదు దాటాకే కూత పెట్టాలి. కత్తిపీట కింద దుప్పటి మడత వచ్చింది. అత్తయ్య ఫోను బాత్రూములో మాట్లాడుకోవాలి. టీవీ శబ్దం సరేసరి, సున్నా. నది మెట్లు దిగలేని మోకాళ్లతో పై అంతస్తు ఎక్కి, పైవాటా దర్జీ చేత కుట్టుమిషను వెనకగదిలోకి జరిపించారు. కిందివాటా ఆవిడకు గొంతు తగ్గించడం పుట్టాక అదే మొదటిసారి.

“ముసలాయనకి ఎక్కడో మర వదులైంది,” అని ఆవిడ మెట్ల మీద గుసగుసగా అందరికీ చెప్పింది. గుసగుసగానే. చేపలున్నాయిగా.

అత్తయ్య కోపం మాత్రం వేరు. కోడలు రాత్రంతా అంబులెన్సు నడిపి పొద్దున్న వస్తుంది. మధ్యాహ్నం నాలుగు గంటలు పడుకుంటేనే మళ్లీ స్టీరింగు పట్టుకోగలదు. ఆ మధ్య కిందివాటా ఆవిడను అత్తయ్యే “కాస్త మెల్లగా, అమ్మాయి పడుకుంది” అని వారించబోతే, “ఇంటి కోడలికి పట్టపగలు నిద్రా” అని ఆవిడ కోడలి గదిలోకి వినపడేలా అంది. ఆ రోజు నుంచి కోడలు పడుకోవడం మానేసింది. నా వల్ల ఎవరూ నోరు మూసుకోనక్కర్లేదు అత్తయ్యా అంటూ కూరలు తరగడానికి కూర్చునేది. నెల తిరక్కుండా ఒక తెల్లవారుజామున సిగ్నలు దగ్గర, ఖాళీ బండిలోనే, కన్ను మూతపడింది. వెనకబండి హారను కొట్టే దాకా తెలియలేదు. పైఅధికారి కాగితం ఇచ్చాడు. మూడు నెలలు చూస్తాం, ఇంకొక్కసారి ఇలా జరిగితే స్టీరింగు వదిలి ఫోన్ల బల్ల దగ్గర కూర్చోవాలి. కోడలు ఆ కాగితం దిండు కింద దాచుకుంది. ఆ బండి అంటే ఆమెకు ప్రాణం.

సరిగ్గా ఆ వారంలోనే మావయ్యకు అడుగు వేట పట్టింది. పైగా టీవీని కోడలి గది గోడకే జరిపి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నారు.

“ఆ పిల్ల ఉద్యోగం పోయేలా ఉంటే మీకీ ఆటలేంటండీ? కనీసం అవతలి గోడకి మార్చండి.”

“చేపలు ఇక్కడే ఉన్నాయి.”

“కూరలైనా తరుక్కోనివ్వండి దాన్ని.”

“కత్తి చప్పుడు. గదిలో కూర్చోమను. అటూ ఇటూ తిరగద్దను, మంచం మీదే ఉండమను. అదీ కిర్రుమనకుండా.”

కోడలు నవ్వుకుని లోపలికి పోయేది. చెయ్యడానికి పనేమీ లేక, కదలడానికి వీల్లేక, ఏం చేస్తుంది పాపం.

మూడు నెలలు నిండటానికి నాలుగు రోజులుందనగా పైన మిషను చప్పుడు మొదలైంది. మావయ్య దర్జీని ఆపడానికి లేచి, ఆట పరికరం అత్తయ్య చేతిలో పెట్టారు.

“నాలుగు నిమిషాలకోసారి విసురు. అంతే. ఇంకేం ముట్టుకోకు.”

ముట్టుకోవద్దంటే అత్తయ్య ముట్టుకోకుండా ఎలా ఉంటుంది? సామాను పెట్టె బొమ్మ నొక్కింది. సీసం గుండు ఉంది, ఫీడరు ఉంది. గాలం ఉండాల్సిన గడి ఖాళీ. నలభై ఏళ్లు గాలం వేసేవాడితో కాపురం చేసిన మనిషి. ఇన్నాళ్లూ ఒక్క చేపా ఎందుకు పడలేదో అప్పుడర్థమైంది. మతిమరుపు, పాపం, అనుకుని ఒక గాలం తగిలించి, ఎర పెట్టి, విసిరింది.

మూడు నెలలుగా వేళకు తిండి తిన్న చేపలు అక్కడే ఉన్నాయి. తెర మీద గాలం కర్ర విల్లులా వంగింది. చేతిలో పరికరం కప్పలా గిలగిలలాడింది. అత్తయ్య గొంతులోంచి కేక బయల్దేరి నాలుక దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆవిడ కళ్లు ఎదురుగా ఉన్న గోడ మీద పడ్డాయి. భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుంది. చేప దారం తెంపుకుని పోయింది. గోడ అవతల సన్నటి గురక ఆగకుండా సాగుతోంది.

మావయ్య దిగి వచ్చేసరికి ఆవిడ తువ్వాలు నోట్లో అలాగే ఉంచుకుని కూర్చుంది. ఆయన తెర చూశారు, తువ్వాలు చూశారు.

“గాలం కట్టావా?” అన్నారు గుసగుసగా.

“మీరెందుకు కట్టలేదు?” అంది ఆవిడ తువ్వాలు తీసి.

“పడితే నేను ఊరుకోగలనా?”

అత్తయ్య పెట్టె తెరిచి, గాలం తీసేసి, ఫీడరు నింపి, ముప్ఫై రెండో మీటరుకు విసిరింది. ఇంతలో కిందివాటా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచింది.

“ఉష్ష్,” అంది అత్తయ్య. “చేపలు.”

అయిదో రోజు పొద్దున్న కోడలు దిండు కింది కాగితాన్ని పైఅధికారి చేతే చింపించి, ఆ ముక్కలతో ఇంటికొచ్చింది. బండి ఆమెదే. సాయంత్రం అయిదు దాటి కుక్కరు కూతపెట్టాక అత్తయ్య ఉండబట్టలేక తువ్వాలు కథంతా చెప్పేసింది. కోడలు ఆ కాగితం ముక్కల్ని గుప్పిట్లో అటూ ఇటూ తిప్పుతూ మావయ్య వైపు తిరిగింది.

“అయితే మావయ్యా, టీవీలో చేపకి చెవులుంటాయన్నదంతా ఉత్తిదేగా?”

మావయ్య మూడు నెలల్లో మొదటిసారి గాలం కడుతున్నారు. తల ఎత్తకుండా, పక్క వీధికి వినపడేలా జవాబిచ్చారు.

“ఉత్తిది కాదు. ఉంటాయి. లోపలుంటాయి. పైకి కనపడవు, అంతే.”