బడే మియా టేపు

నేను లారీ సీట్లు కుడతాను. ఆటోనగర్‌లో మా రెక్సిన్ షాపుకీ ఇష్తియాక్ డెంటింగ్ షెడ్డుకీ మధ్య ఒక రేకు గోడే అడ్డం. ఏళ్ల తరబడి ఆ గోడకి అవతల అతను సుత్తితో రేకులు సాపు చేస్తుంటే, ఇవతల నేను తిట్టుకుంటూ కుట్టాను. "నీ సుత్తి పాడుగాను, నా కుట్టు వంకర పోయింది తమ్ముడూ" అని అరిస్తే, "మీ కుట్టు ఎప్పుడు తిన్నగా పోయింది మాణిక్యమక్కా" అని తిరిగి అరిచేవాడు. ఇప్పుడు ఎంత అరిచినా జవాబు రాదు. ఆ సుత్తే అతని చెవులు తినేసింది.

చెవులు పోవడం ఎవరికైనా కష్టమే గానీ, ఇతని విషయంలో దేవుడు మరీ గురి చూసి కొట్టాడనిపిస్తుంది. ఇష్తియాక్ తండ్రి బడే మియా సన్నాయి విద్వాంసుడు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు చుట్టుపక్కల ఏ పెళ్లయినా, ఏ గుళ్లో కల్యాణమైనా ఆయన మేళమే ఉండేది. తెల్లవారి నమాజు చేసుకుని వచ్చి రాములవారి పందిట్లో కూర్చుని ఊదేవాడు. మా వైపు అదేమీ వింత కాదు. ఆయనకి పెద్ద సభలు దక్కలేదు, రేడియో పిలుపు రాలేదు. కొడుక్కి విద్య అబ్బింది గానీ ఊపిరి చాలలేదు. అందుకని సన్నాయి పక్కన పెట్టి సుత్తి పట్టాడు. వినడం మాత్రం మానలేదు. షెడ్డులో ఒక పాత టూ-ఇన్-వన్ టేపురికార్డరు పెట్టుకుని, సుత్తి ఆపినప్పుడల్లా సన్నాయి వింటూ ఉండేవాడు.

కూతురు మెహరాజ్ బెంజ్ సర్కిల్ దగ్గర కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. జీతంలో మిగుల్చుకుని తండ్రికి చెవి మిషను కొనిచ్చింది. రెండు రోజులు పెట్టుకుని డబ్బాలో పెట్టేశాడు. "గోల వినపడుతుందక్కా, పాట వినపడట్లేదు. ఇంకెందుకది?" అన్నాడు. మనిషి దిగులుతో మంచం పడతాడేమోనని ఆ పిల్లే అతన్ని ఒక వాట్సాప్ గ్రూపులో చేర్పించింది. దాని పేరు 'సన్నాయి మేళం'. సన్నాయంటే చెవి కోసుకునేవాళ్లంతా అందులో ఉన్నారు. బందరులో రిటైరైన బ్యాంకు మేనేజరు రామకోటేశ్వరరావు గారు దానికి పెద్ద. రోజూ దీపాలు పెట్టే వేళకి ఆయన "ఇప్పుడు ఏం వింటున్నారు?" అని అడుగుతాడు. ఎవరు వింటున్నది వాళ్లు పంపాలి, దాని గురించి రెండు ముక్కలు రాయాలి. అదీ అక్కడి పద్ధతి.

ఇష్తియాక్ తన చెవుల సంగతి వాళ్లకి చెప్పలేదు. కంఠతా వచ్చిన పాత రికార్డింగులు వెతికి పంపేవాడు. "పల్లవి రెండోసారి ఎత్తుకునే ముందు ఊపిరి ఎక్కడ దొంగిలించాడో గమనించండి" అని రాసేవాడు. నాకు ఒళ్లు మండింది. పలక మీద రాసి అడిగాను, వినపడనిది వింటున్నానని చెప్పడం ఎందుకని. అతనితో మా మాటలన్నీ పలక మీదే, లేదంటే పెదాలు కదిపి.

"నాకు లోపల వినపడుద్ది అక్కా. వాళ్లకి బయట వినపడితే చాలు. నా బదులు వాళ్లు వింటారు" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

ఈ వేసవిలో ఒక రోజు పని ఆపి మా షాపు గడపలో వచ్చి కూర్చున్నాడు. ముఖం వాడిపోయి ఉంది. "లోపల కూడా చెరిగిపోతుందక్కా. మా అబ్బా తోడి రాగం ఎత్తుకోవడం గుర్తుంది, దిగడం గుర్తు రావట్లేదు. రాత్రంతా వెతుక్కున్నాను, దొరకలేదు" అన్నాడు.

బడే మియా వాయించినది లోకంలో ఒక్క క్యాసెట్టులోనే ఉంది. ఉయ్యూరు దగ్గర ఏదో పెళ్లిలో ఎవరో పట్టింది. ఇష్తియాక్ దాన్ని ప్రాణంలా దాచుకున్నాడు. ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు గ్రూపులో పెడతానన్నాడు. తన తలలోంచి పోయేలోగా ఆ తోడి ఇంకొకరి చెవుల్లో పడాలని అతని ఆత్రం. మెహరాజ్ చేసిపెడతానంటే ఒప్పుకోలేదు. తండ్రి పని కొడుకు చెయ్యాలన్నాడు. మర్నాడు మధ్యాహ్నం టూ-ఇన్-వన్ పక్కన ఫోను పెట్టి, టేపు తిరిగినంతసేపూ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం రామకోటేశ్వరరావు గారు అడగ్గానే పంపేశాడు. "మా తండ్రి గారు బడే మియా. తోడి" అని మాత్రం రాశాడు.

ఇక చూడాలి ఆ హడావుడి. దండాలు, చప్పట్లు, పూలు. "ఏం గమకమండీ!" అని ఒకరు. "కళ్లు చెమర్చాయి" అని ఒకరు. "ఇంతటి విద్వాంసుణ్ణి లోకం గుర్తించలేదే" అని రామకోటేశ్వరరావు గారు ఏకంగా వ్యాసమే రాశారు. మర్నాడు ఇష్తియాక్ పాలకోవా తెచ్చి ఆ మెసేజీలన్నీ నాకు చదివి వినిపించాడు. అతను అలా నవ్వగా నేను చూసి ఎన్నాళ్లయిందో.

ఆ సాయంత్రం మెహరాజ్ నేరుగా మా షాపులోకి వచ్చింది. "పెద్దమ్మా, ఇది విను" అని ఫోను నా చెవి దగ్గర పెట్టింది. సుత్తి దెబ్బలు. లారీ హారను. నా కుట్టుమిషను. మధ్యలో నా గొంతే, రెక్సిన్ తెచ్చినవాణ్ణి అమ్మనాబూతులు తిడుతోంది. సన్నాయి లేదు. మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా లేదు.

గంగిరెద్దులు నయం, సన్నాయి వినపడితేనే తలాడిస్తాయి. ఈ పెద్దమనుషుల్లో ఒక్కరూ వినకుండానే తలలూపారు.

"అబ్బాకి చెప్పొద్దు పెద్దమ్మా. టేపు ఉందిగా, రేపు నేను తీసుకుపోయి సరిగ్గా ఎక్కిస్తాను" అంది ఆ పిల్ల. సరేనన్నాను.

ఆ రేపు రాకముందే, పొద్దున్నే కొండపల్లి బస్సు దిగి ఒక పెద్దాయన షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు కృపానందం. థర్మల్ స్టేషనులో చేసి రిటైరయ్యాడు, చర్చిలో హార్మోనియం వాయిస్తాడు, ఆ గ్రూపులో సభ్యుడు. ఇష్తియాక్‌కి వినపడదని నేను చెబితే బిత్తరపోయాడు.

"నేనేమీ రాయలేదమ్మా అందులో. నా ఫోనే పాడైందనుకున్నాను. ఎప్పటికైనా మొదలవుద్దేమోనని చివరిదాకా విన్నాను. రెండోసారి కూడా విన్నాను. అసలు టేపు ఒక్కసారి వినిపిస్తారేమోనని వచ్చానండీ" అన్నాడు.

గ్రూపు మనిషి టేపు వినడానికి వచ్చాడని పలక మీద రాశాను. తన దగ్గరికి అలా ఒకరు రావడం అదే మొదలు. ఇష్తియాక్ కుర్చీ తుడిచి వేశాడు, టీ చెప్పాడు, టేపు పెట్టి మీట నొక్కాడు. చక్రాలు తిరిగాయి. సుత్తి దెబ్బలు వచ్చాయి. హారను వచ్చింది. నా తిట్లు వచ్చాయి.

ఆ రోజు ఎలా చేశావో చూపించమని సైగ చేశాను. అతను ఉత్సాహంగా చూపించాడు. రికార్డు చేయాలంటే ఆ సెట్టులో రెండు మీటలు కలిపి నొక్కాలి. కుర్రతనంలో వేలసార్లు నొక్కిన వేళ్లు. రికార్డు చేసుకునేది ఫోను అయినా, వేళ్లు పాత అలవాటుకొద్దీ రెండూ నొక్కేశాయి. టేపు మీద బడే మియా చెరిగిపోతూ, ఆయన చోట మా ఆటోనగర్ ఎక్కుతూ ఉంటే, కొడుకు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఇష్తియాక్ మా ముఖాలు చూశాడు. పలక మీద రాయాల్సిన పని లేకపోయింది. స్పీకరు మీద అరచెయ్యి పెట్టాడు. సన్నాయికీ సుత్తికీ తేడా ఆ చేతికి తెలియకుండా ఎలా ఉంటుంది? చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

తర్వాత ఫోను తీసి ఆ దండాలూ పూలూ పైనుంచి కిందికి చూసుకుంటూ పోయాడు. "నేనంటే చెవిటోణ్ణి. వీళ్లకేమైంది?" అన్నాడు.

కృపానందం గారు రెండుసార్లు విన్నానని పలక మీద రాసి తల దించుకున్నాడు, తప్పు తనదైనట్టు. ఇష్తియాక్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మీరొక్కరే విన్నారు. ఏమీ లేకపోయినా విన్నారు" అన్నాడు. గొంతు ఎంత పెద్దగా వస్తోందో అతనికి తెలియదు, అందుకే ఆ తర్వాతి మాట వీధంతా వినపడింది.

"మా అబ్బా పోయినప్పుడు నేను ఏడవలేదక్కా. టేపు ఉందిగా అనుకున్నాను. ఈరోజు పోయాడు."

పక్క షెడ్లలో సుత్తులు ఆగాయి. కుర్రాళ్లు, మేస్త్రీలు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. ఎవరు పోయారని వాళ్లు నన్ను అడుగుతుంటే, ఇష్తియాక్ వాళ్ల నాన్న అని చెప్పాను.