నలభై మంది చూసిన వలయం

మా బాబాయ్‌ని యూనివర్సిటీలో అందరూ శనివారం బాబాయ్ అంటారు. ఖగోళ శాఖ వర్క్‌షాపులో మెకానిక్. వారమంతా మరలు బిగించడం, నూనె వెయ్యడం, విరిగిన స్టాండ్లకు అతుకులు పెట్టడం. శనివారం సాయంత్రం మాత్రం మేడ మీద జనానికి టెలిస్కోప్‌లో ఆకాశం చూపిస్తాడు. ప్రొఫెసర్లు మైకు పట్టుకుని దూరాలూ బరువులూ చెబుతారు. వెతికి గురిపెట్టేది బాబాయ్. ఆ పాత టెలిస్కోప్‌కు మోటారూ లేదు, కంప్యూటరూ లేదు. చేత్తో తిప్పి కంటితో పట్టుకోవాల్సిందే.

నేను అదే శాఖలో క్లర్కుని. శనివారాల్లో లైను చూసుకోవడం నా పని. తోసుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అందుకే ఆ పని నాకిచ్చారనుకుంటాను.

టెలిస్కోప్ దగ్గర జనం ఆడినన్ని అబద్ధాలు ఇంకెక్కడా ఆడరు. ఒకసారి మూత తియ్యడం మరిచిపోయి ఏడుగురికి చంద్రుణ్ణి చూపించాం. ఏడుగురూ చాలా బాగుందన్నారు. ఒకాయనకు గుంతలు కూడా కనబడ్డాయట! వెనకాల అంతమంది నిలబడి ఉంటే, నాకేమీ కనబడలేదు అనడానికి గుండె ధైర్యం కావాలి మరి. బాబాయ్ ఆ కథ చెప్పినప్పుడల్లా పడీ పడీ నవ్వేవాడు. "జనం నోరు నమ్మకమ్మా, కన్ను నమ్ము" అనేవాడు.

కిందటేడు ఆ కన్నే మొండికేసింది. రెండింటికీ శుక్లాలు. ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెబితే బాబాయ్ ససేమిరా అన్నాడు.

"ఇన్నేళ్ళలో అద్దం తుడుస్తూ నేనే రెండుసార్లు గీత పెట్టాను. ఎంత మంచి చెయ్యైనా ఒక్కోసారి జారుతుంది. అద్దానికైతే ఇంకో అద్దం తెప్పిస్తాం. కన్ను ఎక్కణ్ణించి తెస్తాం?"

"ఉప్పో పంచదారో నాలిక మీద వేసుకుంటే గానీ తెలియడం లేదు ఈయనకి" అంది పిన్ని. "మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నాకు ఆ రాజు దొరికినా సుఖపడేదాన్ని."

అసలు భయం ఇంకొకటుంది. కళ్ళు ఆనడం లేదని తెలిస్తే మా శాఖ హెడ్ గారు శనివారాలు ఇంకొకరికి అప్పగిస్తారు. ఆ పని పోతే బాబాయ్‌కి మిగిలేది నూనె డబ్బా. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. అప్పటినుంచి ఆయన గురిపెట్టడం, నేను ముందుగా చూసి "కొంచెం పక్కకి బాబాయ్" అని గొణగడం, ఆయన సర్దడం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆరు నెలలు నడిపించాం.

ఆ శనివారం శనిగ్రహం చూపించాలి. జనం విరగబడ్డారు. "ఇంట్లో ఉన్న శని చాలదా, లైన్లో నిలబడి మరీ చూడాలా?" అని ఒకావిడ మొగుణ్ణి చూపిస్తూ అంటే లైనంతా నవ్వింది. బాబాయ్ చాలాసేపు అటూ ఇటూ తిప్పి, ఆగి, "చూడమ్మా" అన్నాడు.

చూశాను. వలయం లేదు, ఏమీ లేదు. శనిగ్రహానికి కాస్త పక్కన, ఇంచుమించు అంతే వెలుగున్న ఉత్త నక్షత్రం. సూది మొనంత చుక్క. చెబుదామని తలెత్తేసరికి హెడ్ గారు మైకు పట్టుకుని నా భుజం పక్కనే ఉన్నారు.

"ఉంది బాబాయ్. వలయం బాగా కనబడుతోంది" అన్నాను.

హెడ్ గారు అటు తిరగగానే బాబాయ్‌ని సర్దమందామనుకున్నాను. ఆయన తిరగలేదు. జనం రావడం మొదలైంది. మొదటాయన ఆహా అన్నాడు. రెండో ఆవిడ ఓహో అంది. లెక్క రాసేది నేనే కాబట్టి చెబుతున్నాను, నలభై మంది ఆ చుక్కకు వలయాన్ని చూసి వెళ్ళారు. ప్రతి ఆహాకీ బాబాయ్ ముఖం విచ్చుకుంటోంది.

నలభై ఒకటో ఆవిడ బట్టలు కుట్టే ఆవిడ. కన్ను తీసి మళ్ళీ పెట్టింది.

"వలయం అన్నారు, నాకు చుక్కే కనబడుతోందండీ. పొద్దస్తమానం సూదిలో దారం ఎక్కిస్తాను. నా కళ్ళకేమైనా అయిందంటారా?"

"అందరికీ కనబడింది, మీకేనా కనబడనిది?" అని వెనకాల ఎవరో విసుక్కున్నారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. హెడ్ గారు వంగి చూశారు. నిటారుగా లేచి బాబాయ్ వైపు తిరిగారు.

"మీ కళ్ళు లక్షణంగా ఉన్నాయమ్మా" అన్నాడు బాబాయ్ ఆవిడతో. "పాడైంది నా కళ్ళు. శుక్లాలు. ప్రతి దీపం చుట్టూ నాకు వలయమే కనబడుతోంది. హెడ్ గారూ, ఆరు నెలలుగా దాచాను. తప్పు నాదే."

పక్కనే ఉన్న ఒకాయన "నాకప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు. అంతకుముందు అందరికన్నా గట్టిగా ఆహా అన్నది ఆయనే.

హెడ్ గారు కోటు విప్పి తనే తిప్పడం మొదలెట్టారు. ఆయన ఆ పిడి పట్టుకుని ఎన్నేళ్ళయిందో! చెమటలు కారుతుంటే బాబాయ్ పక్కన నిలబడి "ఇంకాస్త కుడికి సార్, వదులుగా పట్టుకోండి" అంటూ చెప్పాడు. పావుగంటకు దొరికింది. బట్టలు కుట్టే ఆవిడే ముందు చూసింది. "అమ్మో, గుండీకి అంచు కట్టినట్టుంది!" అంది. నలభై మందిలో వెళ్ళనివాళ్ళు బుద్ధిగా వచ్చి మళ్ళీ లైన్లో నిలబడ్డారు.

జనం వెళ్ళాక హెడ్ గారు "ఆపరేషన్ అయ్యేదాకా వేరేవాళ్ళు చూస్తారు. తరవాత సంగతి తరవాత" అన్నారు. కోప్పడలేదు, మాటా ఇవ్వలేదు.

మెట్లు దిగుతూ బాబాయ్ అడిగాడు.

"ముందు చూసింది నువ్వే కదా. ఏం కనబడింది?"

"చుక్క."

"మరి ఉందన్నావే?"

"హెడ్ గారు పక్కనే ఉన్నారు బాబాయ్. నీ శనివారం పోతుందని..."

ఆయన రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. "జనం సంగతి నాకు తెలుసు. నిన్ను నేను జనంలో లెక్కవేసుకోలేదమ్మా" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఆయన పరువు కాపాడుతున్నాననుకుని, ఆయనకు మిగిలిన ఒక్క కన్నూ నేనే పొడిచాను. ఆదివారం ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది. "రేపు ఆస్పత్రికి వెళతారట. నిన్నూ రమ్మన్నారు" అంది.

సోమవారం ఆస్పత్రి ఎదురుగా బస్సు దిగాం. దారి పొడుగునా బాబాయ్ కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. రోడ్డు దాటాలి. ఎప్పుడూ ఎవరి చెయ్యీ పట్టుకోని మనిషి తడుముకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"బండ్లేమైనా వస్తున్నాయా?"

"వస్తోంది బాబాయ్, పెద్ద లారీ. ఆగు."

ఆగాడు.