మగ్గాలు ఆగే వీధి

ఏర్పేడు దాటాక ఉన్న ఆ ఆడపిల్లల హాస్టల్ కాలేజీలో ఏడవడానికి చోటు లేదు. గదుల్లో ఏసీలు, పూటకో రకం టిఫిను, వారానికో నవ్వుల క్లాసు. ఇంటినుంచి చావు కబురొస్తే మాత్రం పరీక్షలయ్యేదాకా పిల్ల చెవిన వేయరు. పిల్లల మనసు పాడవకూడదట! తల్లిదండ్రులే సంతకం పెట్టి ఒప్పుకున్న పద్ధతి. ఇంక ఎవరిని తిట్టుకుంటాం?

తెలుగు చెప్పే కుముదవల్లి అక్కడ పన్నెండేళ్లుగా ఉంది. గుడిలో ఆళ్వార్ల ప్రబంధం చదివే తండ్రి శఠగోపంగారి దగ్గర నేర్చిన మంచి గొంతు ఆవిడది. ఆ గొంతెత్తి ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. ఈ ఏడు కాలేజీ పత్రిక కోసం, రాబోయే కాలంలో ఒక ఊరు ఎలా ఉంటుందో కథ రాయమని పిల్లలకు చెప్పింది.

నగరి నేతగాళ్ల పిల్ల తేజస్విని రాసింది చదివాక ఆవిడకు అన్నం సయించలేదు. కథలో ఊరంతా సుఖంగా ఉంటుంది. ఎవరైనా పోతే పెద్దలు వాళ్ల పేరు తుడిచేసి, ఇంట్లోవాళ్లకు తీపి మాత్ర ఇస్తారు. మర్నాటికి ఏ బెంగా ఉండదు. ఒక ముసలామె ఆ మాత్ర ఉమ్మేసి, మొగుణ్ణి తలుచుకుని ఏడుస్తూ మగ్గం ఆపేస్తుంది. వీధిలో మగ్గాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోతాయి.

ప్రిన్సిపాల్ శేషసాయి చెడ్డవాడేం కాదు, భయస్థుడు. కథ చదివి, "ముగింపు మార్పించండి మేడమ్. ముసలామె మాత్ర వేసుకుని నవ్విందంటే సరిపోతుంది" అన్నాడు. కుముదవల్లి అలవాటుగా తలూపి వచ్చి, పిల్లను పిలిచింది.

"మార్చను మేడమ్. మా వీధిలో ఎవరన్నా పోతే శవం లేచేదాకా ఒక్క మగ్గం ఆడదు. మా తాత పోయినప్పుడు గూడా ఆపినారంట. ఆ పొద్దు నేను ఈడ నవ్వుల క్లాసులో ఉండాను. పదకొండు దినాల తరవాత చెప్పినారు నాకు."

తాత పోయిన కబురు తెచ్చిన ఫోను ఎత్తింది కుముదవల్లే. ఆ పూట పిల్లకు కొసరి కొసరి పెరుగన్నం వడ్డించిందీ తనే. దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అయినా చెప్పేసింది.

"తెలిసే అన్నం పెట్టినారా నాకు?" తేజస్విని పుస్తకాలు విసిరికొట్టి భోరుమంది. కుముదవల్లి ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. ఎంత పెద్ద చదువులు చదివినవాళ్లలోనైనా తప్పు ఒప్పుకునే ఆ ధైర్యం అరుదు. ఆవిడ కథను అక్షరం మార్చకుండా ప్రిన్సిపాల్ బల్లమీద పెట్టి వచ్చింది.

మర్నాడు పొద్దున ఐరాల నుంచి కుముదవల్లికి ఫోనొచ్చింది. తేజస్విని క్లాసులోనే ఉన్న శ్రీహిత నాయన మునికుమార్ చేశాడు.

"మాయమ్మ పోయింది మేడమ్. పాపకు రేపు పరీక్ష ఉండాది గదా, చెప్పొద్దులే."

"మీకు చెప్పాలని ఉందా?"

"దాన్ని ఎత్తుకోని పెంచింది మాయమ్మే" అంటూ ఏడ్చేశాడు.

కుముదవల్లి మెట్లెక్కింది. సంగతి తెలిసిన శేషసాయి క్లాసు తలుపు దగ్గర అడ్డొచ్చాడు. "ఉద్యోగం పోతుంది మేడమ్!"

"పోనీండి సార్."

యాభైమంది పిల్లలు వంచిన తల ఎత్తకుండా, రేపటి పరీక్షకు మాదిరి పేపరు రాస్తున్నారు. ప్రబంధం చదివే గొంతుతో పిలిచింది.

"శ్రీహితా, చెప్పులేసుకో తల్లీ. మీ నాయనమ్మ పోయింది. నేను తోడొస్తాను, ఊరికి పోదాం."

శ్రీహిత ఏడుపు గదంతా వినబడింది. వెనక బెంచీలో తేజస్విని పెన్ను కింద పెట్టింది. తర్వాత పక్క పిల్ల, ఆ పక్క పిల్ల. గదిలో ఒక్క పెన్నూ ఆడలేదు.