గాదె ముందా, వలస ముందా

లిఫ్టు మెకానిక్‌కి కుదురు లేదని వాళ్లమ్మ అతని చిన్నప్పుడే తేల్చేసింది. పనిలో ఆ గుణం చెల్లుబాటైంది. బాగైన లిఫ్టును పైకీ కిందికీ తిప్పి, తలుపు సందున చెవి పెట్టి, తృప్తి లేక మళ్లీ మూత విప్పేవాడు. మెట్లెక్కలేక జనం తిట్టుకుంటే తిట్టుకోనీ, అతని చెయ్యి పడిన లిఫ్టు మళ్లీ మొరాయించిన పాపాన పోలేదు.

ఇంట్లో ఆ వేషాలు సాగవు. భార్య ఆసుపత్రిలో నర్సు. ఈయన వచ్చేసరికి ఆవిడ వెళ్లిపోతుంది, ఆవిడ వచ్చేసరికి ఈయన చెప్పులు తొడుక్కుంటూ ఉంటాడు. కాస్త తీరిగ్గా కలిసేది వంటగది మూల కంప్యూటర్లోనే. ఒకే ఆట, ఒకే పటం, చెరో రాజ్యం. రోజుకి చెరో వంతు. ఆవిడకి కోపమొస్తే ఓ సైనికుణ్ణి తెచ్చి ఇతని పొలిమేరలో నిలబెట్టేది. ప్రసన్నమైతే ఉప్పు పంపేది. వానల్లో మొదలైన ఆట చలి దాకా నడిచింది. మొగుడూ పెళ్లాల మాటలన్నీ ఆ వంతుల్లోనే.

ఆ చలిలోనే ఇతని బుర్రని ఓ పురుగు తొలిచింది. ఆట మొదట్లో తను ముందు గాదె కట్టి, జనాన్ని బాగా పెంచి, ఆ తర్వాతే కొత్త ఊరు కట్టే వలస బృందాన్ని పంపాడు. ఈలోగా ఏటి గట్టంతా ఆవిడ ఊళ్లే. ముందు వలస పంపి, గాదె తర్వాత కట్టుకుంటే? లిఫ్టు గూటిలో తాళ్లకి గ్రీజు పూస్తున్నా అదే ధ్యాస. అన్నం ముందు కూర్చున్నా అదే గొడవ. కాలుగాలిన పిల్లికైనా కాసేపు కునుకు పడుతుందేమో, ఇతనికి పడలేదు.

చివరికి ఓ ఉదయం మొట్టమొదటి రోజు దాచిన ఆట తెరిచి, దాన్నే ఇద్దరూ ఆడే ఆట మీద సేవ్ చేసేశాడు. ఆ దెబ్బకి తన తప్పులతో పాటు ఆవిడ ఊళ్లూ గంగలో కలిశాయి. ఈ మహానుభావుడికి అది నష్టంగా తోచనే లేదు! శుభవార్త చెప్పాలని పనికి ఆలస్యమైనా గుమ్మంలోనే పచార్లు చేశాడు.

ఆవిడ వచ్చి, సంచి భుజాన ఉండగానే తెర చూసింది.

"నా ఊళ్లేవి?"

"మొదటికి తిప్పేశా. నీకూ మంచిదేలే, నీ పొరపాట్లు నువ్వూ దిద్దుకోవచ్చు."

"నావేం పొరపాట్లండీ?"

అతను తెర వంక చూశాడు.

"డ్యూటీ దిగిన దగ్గర్నుంచి, ఇవాళ ఆటలో మీరేం చేసుంటారో అని దారంతా అనుకుంటూ వచ్చేదాన్ని," అంది ఆవిడ.

"మళ్లీ మొదలెడదాం. ఈసారి నేను ముందు వలస..."

"ఇద్దరి వంతూ మీరే ఆడుకోండి. ఇద్దరికీ ఏది మంచిదో మీకు తెలుసుగా."

ఆవిడ లోపలికెళ్లి పడుకుంది. అతను భయంభయంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పోయినవన్నీ ఉన్నవి ఉన్నట్టే తిరిగి కట్టి, ఆవిడ లేచేసరికి చూపించాలనుకున్నాడు. తన ఊళ్లో ఏది ఎప్పుడు కట్టాడో వరసగా, తడుముకోకుండా చెప్పగలడు. ఆవిడ వంతు వచ్చింది. ఆవిడ జనం పచ్చిక మీద నిలబడి, ఊరెక్కడ పెట్టాలని అడుగుతున్నారు. ఆవిడ మొదటి ఊరు ఎక్కడుండేదో అతనికి గుర్తు రాలేదు.